రోజూ కాకపోతే విషమెక్కుతుందా?

ఒక్కరోజు విరేచనం కాకపోతే పేగుల్లోని విషం రక్తంలో కలుస్తుందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట ఇళ్లలో పెద్దవాళ్ల ప్రాణం తోడేస్తోంది. అదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. 1900ల మొదట్లో లండన్ సర్జన్ ఆర్బత్‌నాట్ లేన్ దీన్నే నమ్మి రోగుల పెద్దపేగులు కోసి తీసేశాడు. 1920లు వచ్చేసరికే ఆ వాదం వీగిపోయింది. మనం ఇప్పుడు ఫార్వర్డ్ చేసుకుంటున్నాం!

రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా అంతా మామూలే. గట్టిగా వస్తున్నా, ముక్కాల్సి వస్తున్నా, ఇంకా మిగిలిందనిపిస్తున్నా అప్పుడు మలబద్ధకం.

భయం ఏం చేస్తుందో చూడండి. తాతగారు రాత్రి సునాముఖి చూర్ణమో ఆముదమో పుచ్చుకుంటారు. తెల్లారేసరికి పేగంతా ఖాళీ. అది మళ్లీ నిండటానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా ఏమీ రాదు, రావడానికి ఉంటేగా! ఆయన మాత్రం జబ్బు తిరగబెట్టిందని ఇంకో చెంచా వేస్తారు. ఇలాగే సాగితే నీరూ పొటాషియమూ పోయి నీరసం, లేవగానే కళ్లు తిరగడం, పడితే తుంటి ఎముక విరగడం. బాత్రూమ్ దొరకదేమోనని పెళ్లికి రారు, బస్సెక్కరు. తిండి తగ్గిస్తారు, దిగులు పెంచుకుంటారు. రెండూ మలబద్ధకాన్నే పెంచుతాయి.

‘వయసైపోయింది, అంతే’ అంటారా? ముందు మందుల డబ్బా తెరవండి. ఐరన్, కాల్షియం, ట్రమడాల్, అమిట్రిప్టిలిన్‌లలో ఏదైనా కారణం కావచ్చు. మీరే మానేయకుండా డాక్టర్ని అడగండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగమనే సలహా గుండె, కిడ్నీ రోగులకు ప్రమాదం. పండిన అరటిపండు బిగిస్తుందన్నది ఉత్తిమాట.

‘కాఫీ పడందే కదలదు’ అన్నది మాత్రం, ఇష్టం లేకున్నా, ఒప్పుకోవాలి. కాఫీ, టిఫిన్ పెద్దపేగును నిజంగానే కదిలిస్తాయి. కాబట్టి టిఫినైన అరగంటలోపే వెళ్లండి. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. పది నిమిషాలు చాలు, పేపరు బయటే ఉంచండి. ఇసబ్‌గోల్ వేసుకుంటే గ్లాసు నిండా నీళ్లు తాగాలి, వెంటనే పడుకోకూడదు.

మంచాన ఉన్న పెద్దావిడకు నీళ్లలా కొద్దికొద్దిగా పోతుంటే విరేచనాలు ఆపే బిళ్ల వేసేయకండి. గట్టిపడిన మలం అడ్డుపడి, దాని పక్కనుంచి జారుతుండవచ్చు. రక్తం పడినా, బరువు తగ్గినా, అలవాటు కొత్తగా మారినా డాక్టర్‌కు చూపించండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.