అదనపు గంట ఎవరి దయా కాదు

"నోటితో అడిగితే గడగడా చెప్తాడు, రాయమంటే మాత్రం పెన్ను కదలదు." లింగంపల్లి, నల్లగండ్ల, చందానగర్ తల్లిదండ్రులకు ఈ మాట కొత్త కాదు. వెంటనే సలహాలూ వచ్చిపడతాయి: ఇంకో ట్యూషన్ పెట్టండి, లేదా స్కూలు మార్చండి. చట్టంలో ఏముందో చెప్పేవాళ్లే తక్కువ. లక్షల్లో ఫీజు కట్టి కూడా, ప్రిన్సిపాల్ గదిలో ఏదో సాయం కోరుతున్నట్టు నిలబడే తల్లిదండ్రులు మన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఉన్నారు.

అపోహ: అదంతా బద్ధకం. లేదా మందబుద్ధి.

రెండూ కావు. డిస్లెక్సియా ఉంటే చదవడం, డిస్‌గ్రాఫియా ఉంటే రాయడం, డిస్‌కాల్‌క్యులియా ఉంటే లెక్కలు కష్టమవుతాయి. వీటిని కలిపి నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, ఐక్యూ 85 దాటిన పిల్లలకే దీని నిర్ధారణ పరీక్ష చేయాలన్నాయి. మందబుద్ధి అనే మాటకు అక్కడే జవాబు దొరికింది. ఇంగ్లిష్‌లో అక్షరాలు తిరగబడటమే లక్షణమని అనుకోవద్దు. తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది. 2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చాక మరో చిక్కు మొదలైంది: ఇలాంటి ప్రతి పిల్లాడిలోనూ ఒక గొప్ప చిత్రకారుడు దాగి ఉంటాడని ఆశ. ఉండకపోవచ్చు. సాయం పొందడానికి పిల్లాడు అద్భుతాలేమీ చేసి చూపించనక్కర్లేదు.

అపోహ: ఇలాంటి పిల్లల కోసం ఉన్న చట్టాలు సర్కారు బడులకే.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యమూ ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లకే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలుకూ 16వ సెక్షన్ వర్తించేలా చూడాలని చట్టం చెబుతోంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, సమస్యను వీలైనంత త్వరగా కనిపెట్టాలి, తగిన బోధన అందించాలి. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే సహాయకుడు), రెండో, మూడో భాష నుంచి మినహాయింపు గురించి 17వ సెక్షన్ చెబుతుంది. 2018 మార్గదర్శకాలైతే ప్రైవేటు స్కూళ్లలోనూ ప్రిన్సిపాల్ అధ్యక్షతన స్క్రీనింగ్ కమిటీ ఉండాలన్నాయి. మీ స్కూల్లో ఆ కమిటీ ఎక్కడుందో ఒకసారి అడిగి చూడండి.

"మీ బాబుకి ఈ స్కూలు సరిపోదండీ, టీసీ తీసుకోండి" అని మర్యాదగా చెప్పి పంపించడం కూడా చెల్లదు. ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ, పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టంలో ఉంది.

అపోహ: వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం లేకపోతే ఏమీ రాదు.

తల్లిదండ్రుల నోరు మూయించడానికి ఎక్కువగా వాడే మాట ఇదే. ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్‌కు 40 శాతం వైకల్యం కావాలి, నిజమే. స్క్రైబ్ కథ వేరు. రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్య ఉన్న వికాష్ కుమార్‌కు యూపీఎస్సీ స్క్రైబ్‌ను ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం తప్పని 2021 ఫిబ్రవరి 11న కోర్టు తేల్చింది. ఆ తీర్పు ఫలితంగా, 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉండి రాయలేని అభ్యర్థుల కోసం 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూలు ఆఫీసులో "రూల్ ఒప్పుకోదు" అంటే ఈ తీర్పు పేరు చెప్పండి.

అపోహ: ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఉంటే అన్నీ వచ్చేస్తాయి.

క్లాసులో సాయం మొదలుపెట్టడానికి ఆ రిపోర్టు పనికొస్తుంది. రిజర్వేషన్లకు మాత్రం ప్రభుత్వ వైద్య అధికారులు ఇచ్చే సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డు కావాలి. సర్టిఫికెట్ ఇంకా రాలేదని టీచరు చేతులు ముడుచుకుని కూర్చోవడానికి వీల్లేదు.

అపోహ: అమెరికాలో ఉన్న ఐఈపీయే (పిల్లాడికి వ్యక్తిగతంగా రాసే విద్యా ప్రణాళిక) ఇక్కడా నడుస్తుంది.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో తిరిగొచ్చి నల్లగండ్లలో స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం పబ్లిక్ స్కూలే ఉచితంగా పరీక్షలు చేయించి, తల్లిదండ్రులతో కూర్చుని ప్రణాళిక రాయాలి. తేడా వస్తే విచారణ కోరవచ్చు. మన చట్టంలో వ్యక్తిగత సాయం అనే మాట ఉంది కానీ అంత గట్టి పద్ధతి లేదు. అక్కడి కాగితాలు పారేయకండి, పిల్లాడి చరిత్రగా చూపించండి. ఇక్కడి పని మాత్రం కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

స్పెషల్ ఎడ్యుకేటర్ల విషయంలో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు లెక్క చెప్పింది: ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు. అమలు ఎలా ఉందో తల్లిదండ్రులకు తెలిసిందే.

కాబట్టి నోటిమాటల మీద ఆగిపోకండి. ఏ సౌకర్యం కావాలో ఉత్తరం రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కాదంటే ఆ కారణాన్నీ కాగితం మీదే అడగండి. ఆ కాగితంతో రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సీబీఎస్‌ఈలో ఇలాంటి పిల్లలకు మూడు గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తారు. బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదో తరగతిలోనే మొదలవుతుంది, కాబట్టి కాగితాలు ఎనిమిదిలోనే సిద్ధం చేసుకోండి.