తెరమీది లంకలు

వీడియో గేమ్ ఆడిన మనిషికి ఏళ్లు గడిచాక మిగిలే జ్ఞాపకం ఎక్కువగా చోటుకు సంబంధించినదే. ఎన్ని మ్యాచ్‌లు గెలిచాడో, ఎన్ని పాయింట్లు వచ్చాయో చెప్పలేకపోవచ్చు. ఏ మలుపు తిరిగితే మెట్లు వస్తాయో, ఏ ఇంటి వెనక గోడ దూకవచ్చో, ఏ వంతెన మీద ప్రాణం పోయిందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతాడు. ఆ ఊళ్లకు సర్వే నంబర్లు లేవు, వాటి మట్టి ఎవరి కాలికీ అంటలేదు. అయినా అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో పెరిగిన కుర్రాడికి పక్క జిల్లా ఊళ్లకన్నా ఆ తెరమీది ఊళ్లే బాగా తెలిసి ఉండవచ్చు.

ఒక చోటు మనసులో ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు వీడియో గేములు పుట్టకముందే మంచి జవాబు వచ్చింది. అమెరికా నగర ప్రణాళికా పండితుడు కెవిన్ లించ్ 1960లో ‘ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ’ అనే పుస్తకం ప్రచురించాడు. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ వాసులను ప్రశ్నించి, ఊరి పటాన్ని జ్ఞాపకం మీద గీయించి చూస్తే, మనసులోని పటం ఐదింటితో తయారవుతోందని తేలింది. అవి దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. కోనసీమ వాళ్లకు ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. కాలువ గట్లు దారులు. గౌతమి, వసిష్ఠ, బంగాళాఖాతం అంచులు. లంకలు, అగ్రహారాలు పేటలు. అమలాపురం గడియారస్తంభం సెంటర్ కూడలి. దూరం నుంచి కనిపించే అంతర్వేది గోపురం ఆనవాలు. నది పాయల మధ్య, సముద్రపు ఒడ్డున ఉన్న నేల కాబట్టి ఇక్కడ అంచు ఎక్కడుందో చిన్నపిల్లకు కూడా తెలుసు. గేముల్లో మరపురానివిగా పేరుపడ్డ చోట్లను వరసగా చూస్తే, వాటిని కట్టినవాళ్లు తెలిసో తెలియకో ఈ ఐదింటినే పట్టుకున్నారని అర్థమవుతుంది.

నిజానికి తొలినాటి గేముల్లో కొన్ని నేరుగా నిజమైన నేల మీదినుంచే వచ్చాయి. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కు గుహల్లో తిరిగే అలవాటు ఉండేది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహల్లో తాను తిరిగి, కొలిచి, పటం గీసిన భాగాన్నే 1970ల నడుమ ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ అనే ఆటగా రాశాడు. అందులో బొమ్మ ఒక్కటీ లేదు, అంతా అక్షరాలే. ఎటు వెళ్లాలో ఆటగాడు టైపు చేస్తే, తరవాత ఏం కనిపిస్తోందో యంత్రం మాటల్లో చెప్పేది. జపాన్‌లో క్యోటో దగ్గరి సోనోబె అనే ఊళ్లో పెరిగిన షిగెరు మియమోతో, చిన్నప్పుడు కొండల్లో తిరుగుతూ ఒక గుహ కనిపెట్టి లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లాడట. 1986లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’కు ఆ తిరుగుళ్లే మూలమని ఆయనే చెప్పాడు.

తెలుగు ఇళ్లకు ఈ చోట్లు క్యాసెట్ రూపంలో వచ్చాయి. 1990లలో నింటెండో యంత్రానికి నకళ్లుగా వచ్చిన పెట్టెలను టీవీకి తగిలించి, వేసవి సెలవుల్లో పిల్లలు వంతులవారీగా ఆడేవారు. వాటిలో ‘కాంట్రా’ మొదటి దశ అడవిని మరిచినవాళ్లు అరుదు. ఆటగాడు వంతెన మీద అడుగు పెట్టగానే అది వెనకనుంచి ముక్కముక్కగా పేలిపోతూ వస్తుంది. నీళ్లలో పడితే చావు లేదు. కింది బటన్ నొక్కి మునిగితే తూటా తగలదు. కాలువల పక్క పుట్టిన పిల్లలకు ఇందులో కొత్తేమీ కనిపించి ఉండదు. కాస్త ముందుకు పోతే జలపాతం దశ. అక్కడ తెర పైకి జరుగుతుంది, తెర కింది అంచు దాటి పడితే ప్రాణం పోతుంది. అంతదాకా కుడివైపుకు పరుగెత్తడమే అలవాటైన పిల్లవాడికి ‘పైకి’ అనే దిక్కు మొదటిసారి పరిచయమయ్యేది.

తరవాతి కాలం నెట్ సెంటర్లది. 2002లో విడుదలై మరుసటి ఏడాది కంప్యూటర్లకు వచ్చిన ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ మొత్తం ఒక ఊరినే చేతికిచ్చింది. 1980ల మయామీ నగరానికి అది నకలు. సముద్రపు ఒడ్డు, కొబ్బరిజాతి చెట్లు, గులాబీ రంగు దీపాలు, వాటి మధ్య ఓషన్ వ్యూ హోటల్. ఆట మొదట్లో ఆటగాడి బస ఆ హోటల్లోనే. ఆడినంతవరకు భద్రపరచుకోవాలంటే మళ్లీ అక్కడికే రావాలి. వందసార్లు తిరిగొచ్చిన గుమ్మం కాబట్టే అది జ్ఞాపకంలో ఇల్లులా మిగిలింది. వైస్ సిటీ రెండు పెద్ద ద్వీపాలు. తుఫాను హెచ్చరిక వల్ల మధ్య వంతెనలు మూసి ఉంటాయి. కథ కొంత నడిచాకే అవి తెరుచుకుంటాయి. ఊరంతా ఒకేసారి అప్పగించకుండా, ఆటగాడు మొదటి ద్వీపాన్ని గల్లీగల్లీ నేర్చుకునేలా చేసే ఉపాయం అది. 1996 నవంబరు 6 తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన సీమలో, తుఫానుకు దారి మూసుకుపోయిందంటే ఎవరూ అనుమానించరు.

లోపాన్ని అందంగా మార్చుకున్న చోటు కూడా ఒకటుంది. 1999లో వచ్చిన ‘సైలెంట్ హిల్’ భయానక గేమ్‌లో ఊరంతా దట్టమైన మంచు కమ్మి ఉంటుంది. నాటి ప్లేస్టేషన్ యంత్రానికి దూరాన ఉన్న ఇళ్లను గీసే శక్తి లేదు, అందుకని తయారీదారులు మంచు తెర కప్పారు. ఫలితంగా నాలుగడుగుల అవతల ఏముందో తెలియని భయం పుట్టింది. పుష్యమాసం తెల్లవారుజామున కాలువ గట్టు మీద సైకిల్ తొక్కినవాళ్లకు ఆ భయం ఎలాంటిదో తెలుసు. ఎదురుగా వచ్చేది లారీయో, గేదెల మందో దగ్గరికొచ్చేదాకా తెలియదు.

వీటన్నిటికన్నా తెలుగు కుర్రాళ్ల నోట ఎక్కువగా నలిగిన చోటు ఎరాంగెల్. పబ్‌జీ ఆట కంప్యూటర్లకు 2017లో, ఫోన్లకు 2018లో వచ్చింది. ఎరాంగెల్ దాని మొదటి పటం. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఊహాద్వీపం. ఆటను రూపొందించిన ఐర్లండ్ వాసి బ్రెండన్ గ్రీన్ తన కూతురి పేరును కలిపి దానికి ఆ పేరు పెట్టాడు. వందమంది విమానం నుంచి పారాచూట్లతో దూకుతారు. ఎక్కడ దిగాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. ఎరాంగెల్ అంతగా గుర్తుండడానికి అసలు కారణం ఈ ఎంపికే. నడిపించుకుపోయే ఆటలో చోటు దానంతటది ఎదురవుతుంది. ఎరాంగెల్‌లో మాత్రం ఆటగాడు పటం మీద వేలు పెట్టి స్నేహితులతో వాదించి మరీ చోటు నిర్ణయిస్తాడు. నడుమనున్న పొచింకి కిక్కిరిసిన ఇళ్ల ఊరు. సామాను బాగా దొరుకుతుంది, శత్రువులూ అంతే దొరుకుతారు. జార్గొపోల్‌లో రంగురంగుల కంటైనర్ల వరసలు. స్కూలులో దిగితే నిమిషంలోపే తేలిపోతుంది. రష్యా పలుకుబడి ఉన్న ఈ పేర్లన్నీ గోదావరి యాసలో కొత్త ఒత్తులతో పలికాయి.

ఎరాంగెల్ దక్షిణాన సైనిక స్థావరం ఉన్న చిన్న ద్వీపం వేరుగా ఉంటుంది. పెద్ద నేలకూ దానికీ మధ్య రెండే వంతెనలు. ఆడేచోటు వలయంలా కుంచించుకుపోతూ ఉంటుంది. వలయం అవతలి ఒడ్డున పడిందంటే వంతెన దాటాలి, లేదా పడవ వెతుక్కోవాలి, లేదా ఈదాలి. వంతెన చివర కార్లు అడ్డం పెట్టి కాపుకాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దీన్ని ఆటగాళ్లు బ్రిడ్జి క్యాంపింగ్ అంటారు. కోనసీమ భూగోళం ఇదే లెక్క మీద నడిచింది. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన, దిండి–చించినాడ వంతెన, ఎదుర్లంక–యానాం వంతెన రాకముందు ఎవరైనా ఈ సీమకు రావాలన్నా పోవాలన్నా రేవు దగ్గర పంటు కోసం నిలబడాల్సిందే. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల పేర్లు అందుకే అంత దూరం పాకాయి. నాలుగు దారులున్న చోట ఏ దారీ ప్రత్యేకంగా గుర్తుండదు. దాటడానికి ఒక్కటే మార్గం ఉన్నచోట ఆ మార్గానికి పేరు, కథ, భయం అన్నీ వస్తాయి. గేమ్ పటాలు గీసేవాళ్లు ఇలాంటి ఇరుకులను కావాలనే పెడతారు. కోనసీమకు వాటిని గోదావరి పెట్టింది.

నిజమైన ఊరికి లేని ప్రమాదం తెరమీది ఊరికి ఒకటుంది: అది ఒక్క ఉత్తర్వుతో మాయం కావచ్చు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో భారతదేశంలో దాని సేవలు పూర్తిగా ఆగిపోయాయి. 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో ఎరాంగెల్ తిరిగొచ్చింది, 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. తక్కువ ఖరీదు ఫోన్లున్నవాళ్ల అభిమాన ఆట ఫ్రీ ఫైర్ కూడా 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది. దాని బెర్ముడా ద్వీపంలో అందరూ కొట్లాడుకునే కూడలికి క్లాక్ టవర్ అని పేరు. గడియారస్తంభమే గుర్తుగా దారులు చెప్పుకునే అమలాపురం పిల్లలకు ఆ పేరు నేర్చుకునే శ్రమ లేకపోయింది.

ఇలా చోట్లను నేర్చుకోవడం కేవలం కాలక్షేపమేనా అన్నది శాస్త్రజ్ఞులు పరీక్షించారు. మెదడులో దారులను, జ్ఞాపకాలను చూసుకునే భాగం హిప్పోక్యాంపస్. మనం ఫలానా చోట ఉన్నామని గుర్తించే కణాల మీద పరిశోధనకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ కేంద్రంలో క్లెమెన్సన్, స్టార్క్ అనే పరిశోధకులు గేములు ఆడే అలవాటు లేని విద్యార్థులను తీసుకున్నారు. కొందరి చేత రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు ‘సూపర్ మారియో 3డీ వరల్డ్’ ఆడించారు, మరికొందరి చేత ‘యాంగ్రీ బర్డ్స్’ ఆడించారు. తిరగడానికి విశాలమైన లోకం ఉన్న మారియో ఆడినవాళ్ల జ్ఞాపకశక్తి పరీక్ష ఫలితాలు మెరుగయ్యాయి. ఒకేచోట నిలిచి పిట్టలను విసిరినవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు.

భారతదేశపు చోట్లు కూడా గేముల్లోకి వస్తున్నాయి. 2017 నాటి ‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’ పడమటి కనుమల్లో హొయసల శిథిలాల మధ్య నడుస్తుంది. 2018 నాటి ‘హిట్‌మ్యాన్ 2’లో ముంబయి సందులున్నాయి. పుణె సంస్థ నోడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ రాజస్థానీ కోటల అందాన్ని తీసుకుంది. తెలుగు సినిమాలో పుట్టిన మాహిష్మతి కూడా 2017లో ‘బాహుబలి’ మొబైల్ గేమ్‌గా ఫోన్లలోకి చేరింది.

కోనసీమ తానుగా ఒక గేమ్‌లోకి వచ్చింది 2020 ఆగస్టులో. ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో తయారుచేయగా విడుదలైన ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’లో భూగోళమంతా ఆటస్థలమే. బింగ్ మ్యాప్స్ చిత్రాలను నేలగా పరిచి, ఆస్ట్రియా సంస్థ బ్లాక్‌షార్క్ కృత్రిమ మేధతో వాటిమీద ఇళ్లను, చెట్లను మొలిపించారు. ఎవరూ చేత్తో గీయని ఊళ్లు కాబట్టి పొరపాట్లూ దొర్లాయి. మెల్‌బోర్న్ శివారులో రెండంతస్తుల ఇంటికి ఆధార పటంలో ఎవరో 212 అంతస్తులని టైపు చేయడంతో ఆటలో అక్కడ ఆకాశాన్నంటే స్తంభం లేచింది.

ఈ ఆటలో రాజమహేంద్రవరం వైపు నుంచి దక్షిణానికి ఎగిరితే ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలుతుంది. ఎడమ చేతిపక్క గౌతమి, కుడి చేతిపక్క వసిష్ఠ, నడుమ కాలువల గీతలతో పచ్చని మూడు మూలల నేల. ఇంకా కిందికి పోతే వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. చివర్లో అంతర్వేది, ఓడలరేవు దగ్గర పాయలు సముద్రంలో కలుస్తాయి. అయితే లంకల అంచులు ఉపగ్రహం ఫొటో తీసిన రోజున ఉన్నట్టే నిలిచిపోయి ఉంటాయి. నిజం గోదావరి 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులతో, 2022 జులైలో 25 లక్షలు దాటి పోటెత్తింది. అలాంటి ప్రతి వరదా ఒక లంకను కోసి, ఇంకోచోట ఇసుక మేట వేస్తుంది. ఇక తమ ఇంటిని పైనుంచి పోల్చుకోవడం కోనసీమ వాళ్లకు తేలిక కాదు, కొబ్బరి మట్టలు పెంకులను కప్పేస్తాయి. ముందు వంతెనను పట్టుకోవాలి, అక్కడినుంచి కాలువ వంపు, దాని పక్కన ఊరి చెరువు, చెరువుకు ఏ గట్టున రామాలయమో చూసుకుని రెండో తోట దగ్గర ఆగాలి.