కుప్పీ చేసే లెక్క

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం షెడ్లలో రియాక్టర్ మీది గేర్‌బాక్స్ దించాలన్నా, కాలిపోయిన మోటార్‌ను రీవైండింగ్‌కు పంపాలన్నా ఫిట్టర్‌కు మొదట గుర్తొచ్చేది చైన్ కుప్పీ, అంటే గొలుసు లాగి బరువులెత్తే గిలక. అక్కడి నుంచి రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లాంటి పెద్ద కర్మాగారాల ఓవర్‌హెడ్ క్రేన్ల దాకా నడిపించేది గిలక సూత్రమే. రోజూ చేతిలో ఉండే పనిముట్టే అయినా, దాని లెక్క మీద అపోహలు తక్కువేం లేవు.

అపోహ: గిలక వేస్తే బరువు సగమవుతుంది.

వాస్తవం: దూలానికి బిగించిన ఒంటి గిలక ఒక్క కిలో కూడా తగ్గించదు. 50 కిలోల బస్తాకు 50 కిలోల బలం పెట్టాల్సిందే. రాపిడి వల్ల ఇంకాస్త ఎక్కువే పడుతుంది. కిందికి లాగుతాం కనుక మన ఒంటి బరువు సాయపడుతుంది, లాభం అంతవరకే. సగం కావాలంటే గిలక బరువుతో పాటు పైకి కదలాలి. తాడు ఒక కొస పైన కట్టి, గిలకను బరువుకు తగిలిస్తే రెండు పాయలు భారాన్ని పంచుకుంటాయి.

అపోహ: ఎన్ని చక్రాలుంటే అన్ని రెట్లు లాభం.

వాస్తవం: లెక్కపెట్టాల్సింది కదిలే గిలకను పైకి పట్టి ఉంచిన తాడు పాయలను. పైన ఒకటి, కింద ఒకటి గిలకలున్నాయనుకోండి. కొస పైన కట్టి, కింది గిలక చుట్టూ తిప్పి, పై గిలక మీదుగా కిందికి లాగితే మోసే పాయలు రెండు. యాంత్రిక లాభం 2. చేతిలోకి దిగే పాయ లెక్కలోకి రాదు. అదే కొసను కింది గిలకకే కట్టి, పై గిలక మీదుగా తెచ్చి, కింది గిలక చుట్టూ తిప్పి పైకి లాగితే పాయలు మూడు, లాభం 3. చక్రాలు మాత్రం రెండే.

అపోహ: చక్రం పెద్దదైతే లాభం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పెద్ద చక్రం మీద వైర్ రోప్ తక్కువ వంగుతుంది కనుక ఎక్కువకాలం మన్నుతుంది, అంతే.

అపోహ: నాలుగు పాయలు వేస్తే 240 కిలోలకు 60 కిలోల బలం చాలు.

వాస్తవం: కాగితం మీద చాలు. రాపిడి వల్ల నిజంగా 75 కిలోలు పట్టిందనుకుందాం. 240ని 75తో భాగిస్తే అసలు లాభం 3.2. అది 4లో 80 శాతం. అదే ఆ ఏర్పాటు సామర్థ్యం. పైగా బరువు ఒక మీటరు లేవాలంటే తాడు నాలుగు మీటర్లు లాగాలి. బలంలో మిగిలింది దూరంలో కట్టాల్సిందే.

అపోహ: 240 కిలోలు లేపితే దూలం మీద పడేది 240 కిలోలే.

వాస్తవం: ప్రమాదం ఇక్కడే ఉంది. ఒంటి గిలకతో లేపితే బరువు 240, మన లాగుడు 240 కలిసి దూలం మీద 480 పడుతుంది. నాలుగు పాయలతో కిందికి లాగితే రాపిడి కలపకుండానే 300, దానిపైన గిలకల బరువు. రేకుల కింది యాంగిల్‌కో, పైపులైనుకో కుప్పీ తగిలించేవాళ్లు ఈ కూడిక చేయరు.

అపోహ: ఒకరి వల్ల కాకపోతే ఇద్దరు లాగితే సరి.

వాస్తవం: ఒక టన్ను చైన్ కుప్పీ లోపలి గేర్ల వల్ల సుమారు 30, 35 కిలోల లాగుడుకే బరువు లేపుతుంది. అందుకే హుక్ ఒక అడుగు లేవడానికి చేతి గొలుసు పాతిక అడుగులకు పైగా లాగాలి. అది ఒక మనిషి బలానికి చేసిన పరికరం. ఇద్దరు కావాల్సి వచ్చిందంటే బరువు మించిందనో, లోపల ఏదో పట్టేసిందనో అర్థం, ఆపి చూడాలి. మోయగల బరువు పరికరం మీద స్పష్టంగా రాసి ఉండాలనీ, దాన్ని మించకూడదనీ, కనీసం 12 నెలలకోసారి అర్హుడైన నిపుణుడు తనిఖీ చేయాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే చెప్పింది. ఆ అంకె చెరిగిపోయిన కుప్పీ ఎంత తేలిగ్గా తిరిగినా పనికి తీయకూడదు.