మందుబిళ్లల తయారీలో మైలుతుత్తం

రెడ్డిగూడెం: మామిడి తోటలున్న ఈ ప్రాంత రైతులకు మైలుతుత్తం కొత్త కాదు. దానిని నీటిలో కరిగించి, సున్నపు నీటితో కలిపితే తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం తయారవుతుంది. ఈ రాగి లవణమే మందులు కనిపెట్టే పరిశోధనశాలల్లోనూ పనికివస్తోంది.

రెండు రసాయనాలను కలిపి మూడోదాన్ని తయారు చేయాలంటే చాలాసార్లు మధ్యవర్తి కావాలి. పెళ్లిళ్ల పేరయ్య రెండు కుటుంబాలను కలిపి, తాను మరో సంబంధానికి వెళ్లిపోతాడు కదా! అలాగే రసాయనాలను కలిపి తాను ఖర్చుకాకుండా మిగిలేదాన్ని ఉత్ప్రేరకం అంటారు.

మందుల తయారీలో ఈ పనికి పల్లాడియం వంటి ఖరీదైన లోహాలను ఎక్కువగా వాడుతున్నారు. వాటి ఆనవాళ్లు మందులో మిగిలితే ప్రమాదం. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదోవంతు మించరాదు. రాగికి 3,000 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంది. ఇనుము, జింకుల విషప్రభావం తక్కువ కనుక వాటికి ఇటువంటి పరిమితి పెట్టలేదు.

అందుకే శాస్త్రజ్ఞుల చూపు చవకైన లోహాలపై పడింది. 2002లో అమెరికాలో షార్ప్‌లెస్, డెన్మార్క్‌లో మెల్డాల్ రాగితో అణువులను సులువుగా అతికించే పద్ధతిని వేర్వేరుగా కనుగొన్నారు. షార్ప్‌లెస్ బృందం మైలుతుత్తాన్ని, విటమిన్-సి లవణాన్ని కలిపి వాడింది. పెద్దగా వేడి చేయనక్కరలేదు. ఈ ఇద్దరికీ, బెర్టోజీకి కలిపి 2022లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మన హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) కూడా ఈ దారిలో నడిచింది. డాక్టర్ బి.ఎం. చౌదరి, డాక్టర్ ఎం. లక్ష్మీకాంతం తదితరులు ఫ్లోరాపటైట్ అనే ఖనిజ పదార్థంపై రాగిని నిలిపి ఉత్ప్రేరకాన్ని తయారు చేసి, 2005లో ప్రకటించారు. పని ముగిశాక దాన్ని వడగట్టి మళ్లీ వాడవచ్చు. లోహం వ్యర్థాల్లో కలవడం తగ్గుతుంది.

అయితే లోహం మారినంత మాత్రాన వాగు శుభ్రపడదు. రాగి కూడా మోతాదు మించితే చేపలకు విషమే. పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ మందు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. మందు మంచిదైనా దాని మురుగు ఊరికి చేటు తెచ్చింది.

కాబట్టి ఏ ఊళ్లోనైనా రసాయన కర్మాగారంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే గ్రామస్థులు రెండు ప్రశ్నలు అడగాలి. ఏ లోహాలు, ఏ ద్రావకాలు వాడతారు? వాడిన నీరు ఎక్కడికి వదులుతారు? వీటికి జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.