ఒకే ఫార్ములా, ఎనిమిది రూపాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె పురుగుమందుల షాపుల్లో సైపర్‌మెత్రిన్, ఆల్ఫా సైపర్‌మెత్రిన్ రెండూ మామూలే. రెండింటి మీదా 10 శాతం అని ఉంటే రెండూ ఒకటేననుకుని, ట్యాంకుకు ఒకే మోతాదు పోసేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నాకు ఇది చూసి ఊరుకోబుద్ధి కాదు.

సైపర్‌మెత్రిన్ అణువులో మూడు కైరల్ కార్బన్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ తన చుట్టూ ఉన్న నాలుగు వేర్వేరు గుంపులను రెండు తీరుల్లో అమర్చుకోగలదు. రెండు, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అంటే ఫార్ములా ఒకటే, రూపాలు ఎనిమిది. వీటినే ప్రాదేశిక సాదృశ్యకాలంటాం. మూడు చోట్లా అమరిక తిరగబడితే ఆ రెండు రూపాలూ కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా అద్దపు జంట అవుతాయి. అలాంటి జంటలు నాలుగు. జంటలోని రెండూ ఒకే వేడి దగ్గర కరుగుతాయి. ఒక జంటకూ మరో జంటకూ మాత్రం కరిగే గుణంలో తేడా ఉంటుంది.

ఫ్యాక్టరీకి కలిసొచ్చేది ఆ తేడాయే. స్ఫటికాలుగా మార్చి వేరుచేసిన ఒక జంటే ఆల్ఫా. అందులో ఒక రూపం పురుగు నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. పురుగు గిలగిల కొట్టుకుని చచ్చుబడిపోతుంది. దాని జోడీ ఆ ద్వారంలో సరిగ్గా కుదరదు. మామూలు సైపర్‌మెత్రిన్‌లో ఎనిమిది రూపాలూ కలిసే ఉంటాయి, గట్టిగా పనిచేసేవి రెండే. అందుకే ఆల్ఫా మోతాదు తక్కువ. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైకేల్ ఇలియట్ బృందం 1974లో వెల్లడించిన ఇదే జాతి మందు డెల్టామెత్రిన్‌లోనైతే, దాని ఎనిమిది రూపాల్లో ఎంచిన ఒక్కటే ఉంటుంది.

ఎక్కువ పోస్తే ఎక్కువ పురుగు చస్తుందన్న నమ్మకం మన ప్రాంతాన్ని ఒకసారి నిలువునా ముంచింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు సైపర్‌మెత్రిన్ జాతి మందులకు లొంగలేదు. ఎన్నిసార్లు కొట్టినా పంట దక్కలేదు. అప్పులు మీదపడి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తట్టుకున్న పురుగు బతికి, తనలాంటి సంతానాన్నే పెంచుతుంది. పైగా ఈ మందులు రొయ్యలకూ చేపలకూ చిన్న మోతాదులోనే ప్రాణాంతకం. రేపల్లె వైపు చెరువులున్నవాళ్ళు, ఎగువ పొలాల నీరు ఎటు దిగుతుందో ఎరిగే ఉంటారు.

కనుక శాతం చూసేముందు మందు పేరు పూర్తిగా చదవండి. మోతాదు ఆ డబ్బా మీద రాసినంతే కొలవండి. నా దగ్గర చదివినవాళ్ళలో రైతుబిడ్డలే ఎక్కువ. కైరల్ కార్బన్ పాఠాన్ని పరీక్షలో రాసి వదిలేయకుండా, పిచికారీకి ముందు ఇంట్లో నాన్నకు విడమరచి చెప్పండని వాళ్ళను కోరుతున్నాను.