పావురాలు – పౌరధర్మం

నోరులేని జీవికి గుప్పెడు గింజలు వేయడం పుణ్యమని పెద్దలు చెబుతారు. హైదరాబాదు మక్కామసీదు ముంగిట, ముంబైలోని దాదర్ కబూతర్‌ఖానా వద్ద ఎందరో తరతరాలుగా పావురాలకు మేత వేస్తూ వచ్చారు. ఇటువంటి పనిని కొన్ని నగరాలు చట్టంతో ఎందుకు ఆపవలసివచ్చింది?

పావురాల పూర్వికులు కొండచరియలలో గూళ్లు కట్టుకొనేవి. నగరంలోని మేడల అంచులు, కిటికీ గట్లు వాటికి కొండచరియల వంటివే. మేత పుష్కలంగా దొరికినచోట అవి ఏడాది పొడవునా, విడతకు రెండేసి గుడ్లు పెట్టి పిల్లలను లేపుతాయి. క్రమంగా గుంపు పెరిగి, ఆ ఇరుకులో వాటికే జబ్బులు సోకుతాయి. ఎండిన రెట్టల పొడి, ఈకల ధూళి గాలిలో కలుస్తాయి. వాటిని చాలాకాలం పీల్చిన కొందరికి ఊపిరితిత్తులు వాచి, గట్టిపడి, శ్వాస కష్టమవుతుంది. రెట్టలలోని ఆమ్లాలు పాత కట్టడాల రాళ్లను తినివేస్తాయి.

అందుచేత లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2003లో, వెనిస్‌లోని సెయింట్ మార్క్ స్క్వేర్‌లో 2008లో మేత వేయడాన్ని నిషేధించారు. 2025 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబైలోని కబూతర్‌ఖానాలను మూసివేయమని ఆదేశించింది. ఆజ్ఞ మీరినవారిపై కేసులు పెట్టమని బొంబాయి హైకోర్టు చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఇందులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

మేత వేయడం తమ ధర్మమని నమ్మే జైనులు, మరికొందరు దీనికి నిరసన తెలిపారు. మేత హఠాత్తుగా ఆగితే పక్షులు ఆకలితో చనిపోతాయని వారి బాధ. ఊపిరాడక అవస్థపడే రోగుల గోడు మరొకటి. ఇరువురి మాటలోనూ ప్రాణం మీద మమకారమే ఉంది. తరువాత నగరపాలక సంస్థ తాత్కాలికంగా నాలుగు చోట్ల, ఉదయం 7 నుండి 9 గంటల వరకు మాత్రమే మేతకు అనుమతించింది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరం అనుభవం గమనింపదగినది. ఎన్నో ఏళ్లు పావురాలను పట్టి చంపినా అక్కడ వాటి సంఖ్య తగ్గలేదు. 1988 నుండి మేత వేయవద్దని ప్రజలకు నచ్చజెప్పారు. ప్రత్యేకంగా గూళ్లు ఏర్పరచి, వాటిలోని గుడ్లను తీసివేశారు. కొద్ది సంవత్సరాలలోనే పావురాలు సుమారు సగానికి తగ్గాయి.

చట్టం గింజలు చల్లే చేతిని ఆపగలదు గాని, మనసులోని దయను ఆపలేదు. ఆ దయ పక్షికీ, పొరుగువారికీ కూడ మేలు చేసే దారి వెదకాలి. గాయపడిన పావురాన్ని పశువైద్యుని వద్దకు చేర్చడమూ భూతదయే. పక్కింటి రోగి ఊపిరిని తలచుకొని గుప్పిట మూయడమూ భూతదయే.