దీపావళి కూలి పట్టీ, నెమ్మదించిన ల్యాప్‌టాప్

2025 అక్టోబరు 12వ తేదీ, ఆదివారమునాడు, మన సంఘ కార్యాలయపు ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 స్థానమున విండోస్ 11 వేయబడినది. వేసినది మరెవరో కాదు, నేనే. సోమవారము ఉదయము మీట నొక్కి, కన్నా చౌక్ దాకా పోయి టీ త్రాగి వచ్చితిని. తెర మీద చుక్కల చక్రము ఇంకను తిరుగుచునే యున్నది. కూలి పట్టీ తెరచుటకు నాలుగు నిమిషములు పట్టినది. ఒక అంకె నొక్కినచో అది తెర మీదికి వచ్చులోపల తరువాతి అంకె ఏమిటో మరచిపోవు స్థితి.

ఆ వారములోనే శనివారము, 18వ తేదీ, ధనత్రయోదశి. ఆనాటికి కూలియు బోనసును సభ్యుల ఖాతాలలో పడవలెను. మన ఇండ్లలో పిల్లల బట్టలు, పిండివంటల సామాను, అప్పుల వాయిదాలు ఆ పట్టీని నమ్ముకొని యుండునని పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. నూలు లెక్క, జీఎస్టీ కాగితములు, జకార్డు డిజైనులు కూడ ఆ యంత్రములోనే యున్నవి. సాఖర్ పేట మొదలు దత్తనగర్ వరకు లెక్కలు వ్రాయు చోటనెల్ల, డిజైను గీయు ఇంటనెల్ల ఇటువంటి పాత ల్యాప్‌టాప్ ఒకటి కనబడును గనుక, ఆ వారములో నేర్చినది నలుగురికిని పనికివచ్చునని వ్రాయుచున్నాను.

మొదట, ఉన్నదానిని ఎందుకు మార్చవలసి వచ్చెనని కొందరు సభ్యులు అడిగిరి. విండోస్ 10 అనునది 2015 జూలై 29న వెలువడినది. దానికి ఉచితముగ ఇచ్చుచుండిన భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో ఆపివేసిరి. ఆపిన మరునాడు యంత్రము ఆగిపోదు. కాని క్రొత్తగ బయటపడు లోపములను పూడ్చువారు ఉండరు. సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లున్న యంత్రమును అట్లు వదలివేయుట సబబు కాదని తోచి, గడువుకు రెండు దినముల ముందు ఆ పని చేసితిని. ఉద్దేశము మంచిదే. అయితే పండుగ వారములో చేయుట తెలివితక్కువ పని. అంతకన్న పెద్ద తప్పు మరియొకటి చేసితిని, దానిని ముందు చెప్పెదను.

మంగళవారము కార్యవర్గ సభ్యులు కూడిరి. దుకాణములో విచారించగా క్రొత్తదానికి 42,000 రూపాయలు చెప్పిరి. పాతదానిని చూడకయే "దీని పని అయిపోయినది" అని కూడ అనిరి. ఆ సొమ్ము ఇవ్వవలెనన్న నూలు కొనుటకు ఉంచిన నిధి నుండి తీయవలెను. తీసినచో కార్తికములో కొన్ని మగ్గములకు పడుగు ఉండదు. నేను తల వంచుకొని కూర్చుంటిని. అప్పుడు మనలో పెద్దవాడైన ఒక సభ్యుడు నా వంక చూచి, "ఏమయ్యా సెక్రట్రీ, కొత్త పడుగెక్కించిన్నాడు పోగులు తెగుతయ్. తెగినయని మగ్గం అమ్ముకుంటమా? పన్నె జూస్తం, బిగువు జూస్తం, గంజి జూస్తం. నువ్వేం జూసినవ్?" అని అడిగినాడు. నేను ఏమియు చూడలేదు. చూచుట ఎట్లో కూడ తెలియదు.

ఆ సాయంత్రము డిప్లొమా చదువుచున్న ఒక సభ్యుని కుమారుడు వచ్చెను. "కాకా, కొనుడు తర్వాత. ముందుగాల ఏది అలసిపోతున్నదో జూద్దాం" అని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కినాడు. టాస్క్ మేనేజర్ అను పట్టిక తెరచుకొన్నది. అందులో సీపీయూ, మెమరీ, డిస్కు అని నిలువు వరుసలుండును. ప్రతి వరుస పైన శాతము అంకె కనబడును. మా యంత్రములో సీపీయూ 20కి లోపల, మెమరీ 90కి పైన, డిస్కు మాత్రము 100 దగ్గర కదలక నిలిచియున్నవి.

దీని భావమును మన పనిలోనే చెప్పవచ్చును. నేయువాని చేయి సీపీయూ. అతని ప్రక్కనున్న కండెల బుట్ట మెమరీ. నూలు నిలువచేయు కొట్టు డిస్కు. బుట్ట చిన్నదైనచో, కండె అయిపోయినప్పుడెల్ల కొట్టుకు మనిషిని పంపవలెను. మా ల్యాప్‌టాప్‌లో బుట్ట 4 జీబీ మాత్రమే. విండోస్ 11కు అది కనీసపు కొలత. కనీసమనగా కూర్చుండుటకు చోటే గాని కాళ్లు చాపుటకు కాదు. కొట్టుకు పోవు మనిషి కుంటివాడు, అనగా డిస్కు తిరుగుడు పళ్లెము గల పాత హార్డ్ డిస్కు. నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుచు, వేర్వేరు చోట్ల నున్నవాటిని సెకనుకు నూరు కూడ తెచ్చుట దానికి కష్టము. చేయి ఖాళీగ నుండి కండె కొరకు ఎదురుచూచుచున్నది. అందుచేత ఆలస్యము.

అయితే ఆదివారమునకు ముందు ఇదే బుట్ట, ఇదే మనిషి కదా, అప్పుడు పని ఎట్లు నడచెనని నేనడిగితిని. క్రొత్త విండోస్ వేసిన మొదటి దినములలో యంత్రము మనకు తెలియకుండ చాల పనులు పెట్టుకొనునట. ఫైళ్లన్నిటికి వెదకుటకు అనువుగ సూచిక వ్రాసుకొనును, మిగిలిన సవరణలు దింపుకొనును, భద్రతా తనిఖీ చేసికొనును. మనము మధ్యాహ్నము మూతవేసినచో ఆ పనులు సగములో ఆగి, తెరచినప్పుడు మరల మొదలగును. నేను సోమ, మంగళవారములలో విసుగుతో నాలుగైదు సార్లు ఆపి పెట్టితిని. అది ఆ పనిని పొడిగించుటయే.

ఆ రాత్రి చార్జరు తగిలించి, ఇంటర్నెట్ కలిపి, నిద్రపోనీయక తెల్లవారులు వదలితిమి. బుధవారము పట్టీ రెండు నిమిషములలో తెరచుకొన్నది. ఒక్క పైస ఖర్చు లేదు. పిదప టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అను భాగము చూచితిమి. యంత్రము లేవగానే తామును లేచి కూర్చుండు ప్రోగ్రాములు పదకొండు గలవు. ఎన్నడో అమ్మివేసిన ప్రింటరుది ఒకటి, కరోనా కాలమున పిల్లల తరగతులకై ఎక్కించినది ఒకటి, పాటలది ఒకటి. తొమ్మిదింటిని ఆపితిమి. గడువు తీరిన ఒక యాంటీవైరస్ గంటకొకసారి డబ్బు అడుగుచుండెను, దానిని తీసివేసితిమి. విండోస్‌లోనే డిఫెండర్ అను కాపలా యున్నది.

డిస్కులో చోటు చూడగా మిగిలినది స్వల్పము. మార్కండేయ రథోత్సవపు వీడియోలు మూడు సంవత్సరములవి రెండేసి ప్రతులు దొరికినవి. ఎక్కించినవారెవరో ఇక్కడ వ్రాయను. అదనపు ప్రతులు తీసితిమి. "విండోస్.ఓల్డ్" అను పెద్ద సంచి యొకటి కనబడగా దానిని కూడ తీయబోతిని. కుర్రవాడు చేయి పట్టుకొని ఆపినాడు. అందులో పాత విండోస్ ఉండును. క్రొత్తది సరిపడనిచో పది దినముల లోపల సెట్టింగ్స్‌లోని రికవరీ నుండి వెనుకకు పోవచ్చును. సంచి తీసివేసినచో ఆ దారి మూసికొనును. పది దినములు గడచిన తరువాత యంత్రమే దానిని తీసివేయును.

ఇంత చేసినను మధ్యాహ్నమగుసరికి యంత్రము మరల బరువెక్కసాగెను. అడుగుభాగము అట్లకాడ వలె కాలుచున్నది. ఫ్యాను హోరు బయటికి వినబడుచున్నది. ఇది మాత్రము మన సోలాపురపు జబ్బు. ఎక్కడెక్కడివారో చేసిన వీడియోలు ఎన్ని చూచినను దీనిని ఎవరును చెప్పలేదు.

అడుగు మూత తీసి చూచితిమి. గాలి బయటికి పోవు రాగి రెక్కల ముందు నూలు పింజ పేరుకొని కంబళి ముక్క వలె అట్టకట్టినది. వ్రేళ్లతో లాగగా ఒకే తునకగ వచ్చినది. మన కార్యాలయము గోడకు ఆవల మగ్గములు, ఈవల లెక్కలు. చాల ఇండ్లలో గోడ కూడ లేదు. మనము పీల్చు ధూళినే ఆ ఫ్యాను ఆరు సంవత్సరములుగ పీల్చినది. వేడి మితిమీరినచో సీపీయూ తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. మామూలు దినములలో పని తక్కువ గనుక ఈ లోపము బయటపడలేదు. క్రొత్త విండోస్ మొదటి దినముల పని నెత్తిన పడగానే బయటపడినది. నింద విండోస్ మీద పడినది.

శుభ్రము చేయునప్పుడు యంత్రమును పూర్తిగ ఆపి, చార్జరు తీసి, లోపల బ్యాటరీ తీగ విప్పవలెను. ఫ్యాను రెక్కను ఒక పుల్లతో కదలకుండ పట్టి, గాలి యంత్రముతో కొద్దికొద్దిగ ఊదవలెను. రెక్కను వదలి ఊదినచో అది విపరీతముగ తిరిగి చెడును. నోటితో ఊదరాదు, తడి చేరును. చేత కానివారు తెలిసినవారి చేత చేయించుకొనుట మేలు. మగ్గమున్న గదిలో నాలుగు మాసములకొకసారి ఇది జరుగవలెను. పరుపు మీద, చద్దరు మీద పెట్టి పనిచేయుట మానవలెను, క్రింది గాలి రంధ్రములు మూసికొనును.

గురువారము సాయంత్రమునకు పట్టీ పూర్తియైనది. శుక్రవారము బ్యాంకుకు పంపితిమి. శనివారము ఉదయము నుండి "పడినయ్ సెక్రటరీ" అని ఫోనులు రాసాగినవి. ఆ మాట విన్న పిదపనే నేను ఇంట స్నానమునకు లేచితిని.

ఇక నా పెద్ద తప్పు. ఆదివారమునాడు విండోస్ మార్చుటకు ముందు ఫైళ్ల ప్రతి ఒకటైన తీసి వేరుగ ఉంచలేదు. మధ్యలో కరెంటు పోయి డిస్కు చెడియున్నచో సభ్యుల లెక్కలే గాక, మన డిజైనువారు సంవత్సరముల తరబడి గీసినవి అన్నియు పోయెడివి. మరల గీయుటకు వారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. సర్వసభ్య సమావేశములో దీనిని ఒప్పుకొంటిని, ఇచ్చటను ఒప్పుకొనుచున్నాను. ఇప్పుడు ప్రతి శనివారము బయటి డిస్కులోనికి ప్రతి తీసి, అందులో రెండు ఫైళ్లు తెరచి చూచి, బీరువాలో పెట్టుచున్నాము. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

సోమవారము రాత్రి జరిగినది కూడ చెప్పవలెను. విసిగి వెదకుచుండగా "మీ కంప్యూటరు ప్రమాదములో నున్నది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అని ఎర్రని తెర యొకటి వచ్చినది. ఫోను చేతికి తీసుకొంటిని కూడ. లోపల సభ్యుల ఖాతా నంబర్లున్నవని గుర్తుకు వచ్చి ఆగితిని. నిజమైన హెచ్చరికలో ఫోను నంబరు ఉండదని పిదప తెలిసినది. అటువంటివారు యంత్రమును దూరము నుండి తమ చేతిలోనికి తీసికొని డబ్బు గుంజుదురు. ఎవరైన మోసపోయియున్నచో జాగు చేయక 1930కి ఫోను చేయవలెను. వేగము పెంచెదమని ఉచితముగ దొరకు ప్రోగ్రాములను సహితము ఎక్కించవద్దు.

పండుగ తరువాత, ప్రతి తీసి, పాత హార్డ్ డిస్కు స్థానమున ఎస్ఎస్‌డి వేయించితిమి. అందులో తిరుగు పళ్లెము లేదు. కుంటివాని బదులు పరుగెత్తువాడు వచ్చినట్లే. మెమరీ 4 నుండి 8 జీబీకి పెంచితిమి. రెంటికి కలిపి 6,150 రూపాయలైనది. పట్టీ ఇప్పుడు అయిదారు సెకన్లలో తెరచుకొనుచున్నది. ఒక హెచ్చరిక కలదు. కొన్ని యంత్రములలో డిస్కుకు బిట్‌లాకర్ అను తాళముండును. దాని రికవరీ తాళపుచెవి అంకెలను ముందుగ కాగితము మీద వ్రాసికొనక డిస్కును ముట్టరాదు.

అన్ని యంత్రములకును ఈ వైద్యము పనిచేయదు. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి సీపీయూలలో దాదాపు అన్నియు, టీపీఎం 2.0 అను భద్రతా భాగము లేనివి విండోస్ 11కు అర్హములు కావు. పీసీ హెల్త్ చెక్ అను మైక్రోసాఫ్ట్ వారి ఉచిత ప్రోగ్రాము ఆ సంగతి చెప్పును. నియమము తప్పించి బలవంతముగ ఎక్కించినచో సవరణలు వచ్చునను పూచీ లేదు. అటువంటివారి కొరకు విండోస్ 10 భద్రతా సవరణలను, నమోదు చేసికొన్న ఇంటి కంప్యూటర్లకు, 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిరి. లినక్స్ అను ఉచిత వ్యవస్థ వేసికొనుట మరియొక మార్గము. అయితే మీ లెక్కల ప్రోగ్రాము దానిలో నడచునో లేదో ముందు చూచుకొనవలెను.

ఆదివారములలో ఉదయము పది నుండి పన్నెండు గంటల వరకు ఆ కుర్రవాడును నేనును కార్యాలయములో నుందుము. ల్యాప్‌టాప్ నెమ్మదించిన సభ్యులు తీసికొని రావచ్చును, రుసుము లేదు. ఫైళ్ల ప్రతి తీయుటకు ఖాళీ పెన్‌డ్రైవు, చార్జరు వెంట తేవలెను. పోయిన రెండు వారములలో ముగ్గురు చార్జరు లేక వెనుకకు పోయిరి.